ఆరో బాయిలో భయం లేని సినిమాలు

ఆట 604
సినిమా: క్రేన్ వీరస్వామి. రకం: ఫైటింగ్. దమ్ము: మూడు. సీట్లు: మొత్తం నూట ఎనభై ఇవ్వొచ్చు.

హీరో ఒక్క గుద్దు గుద్దితే విలన్ ఇరవై అడుగులు ఎగిరి ఇటుక గోడకు కొట్టుకున్నాడు. భూమి మీద కూర్చుని తీసినవాళ్లకు ఇది గొప్పగానే ఉంటుంది. చంద్రుడి మీద, మా ఆరో బాయి గనిలో, నేను గట్టిగా తుమ్మినా అందులో సగం దూరం పోతాను. మొన్న రొట్టెల వరసలో ఎవరిదో మోచెయ్యి తగిలి పోస్టు మాస్టరు గారు నా నెత్తి మీదుగా వెళ్లి నాచు అప్పడాల గంప పక్కన దిగారు. ఆయనకు ఎవరూ వెనక డప్పులు వాయించలేదు. లేచి, దులుపుకుని, మళ్లీ వరసలో నిలబడ్డారు.

వీరస్వామి క్రేన్ నడుపుతాడు. ఇది మంచి విషయం. పని చేసే హీరోను చూసి చాలా కాలమైంది. మొదటి ఇరవై నిమిషాలు అతని చేతులనే చూపించారు. ఆ లివర్లు పట్టుకునే తీరు చూస్తే నిజంగా నడిపినవాడే అనిపించింది. తర్వాత చెల్లెల్ని ఎత్తుకుపోయారు. అక్కడితో అతను క్రేన్‌ను మర్చిపోయాడు, తీసినవాడు కథను మర్చిపోయాడు. ఆఖరి ఫైటు ముప్పై నాలుగు నిమిషాలు. మధ్యలో నేను రెండుసార్లు ఆవలించాను. ఆవలింతను కూడా దమ్ము కొలిచే యంత్రం ఊపిరి కిందే లెక్కేస్తుంది కాబట్టి, ఆ మూడులో కొంత నా నిద్రది.

ఎప్పటిలాగే పొద్దున షిఫ్టు సైరన్ అయ్యాక ఖాళీ హాల్లో ఒక్కణ్నే కూర్చుని చూశాను. మణికట్టుకు పట్టీ, ముక్కుకు గొట్టం. పట్టీ గుండెను లెక్కపెడుతుంది, గొట్టం ఊపిరిని. ఆట అయ్యాక యంత్రం ఒక అంకె చెబుతుంది. ఆ అంకెను మేం దమ్ము అంటాం. ఐదు లోపు అయితే హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టొచ్చు. ఐదు దాటితే సగం మందినే. ఎనిమిది దాటితే ఆ సినిమాను తిరిగి డబ్బాలో పెట్టడమే. భయపడ్డ మనిషి మామూలు మనిషి కంటే ఎక్కువ గాలి తింటాడు. మా గాలి మేమే పెంచుకుని తాగాలి. అందుకే నన్ను తొలి చూపరిగా పెట్టారు. పదకొండేళ్ల కింద పది సినిమాలకు నా గుండెనూ హాల్లోని జనాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచి, ఈ ఓదెలు, అంటే నా గుండె ఇంత కొట్టుకుంటే జనం ఇంత గాలి తింటారని లెక్క కట్టారు. అప్పటి నుంచి నా అంకె ఒక్కసారీ తప్పలేదు.

హాలు గుమ్మం దగ్గర బోర్డు మీద నా అభిప్రాయం రెండు ముక్కలు రాశాను: "క్రేన్ బాగుంది. వీరస్వామి ఇంకా నేర్చుకోవాలి."

మధ్యాహ్నం మూడో గేటు రబ్బరు పట్టీల మీది చంద్రుడి బూడిద తుడిచాను. డాక్టరమ్మ ఇచ్చిన రోజువారీ గోలీ వేసుకున్నాను. వంగి తుడిచినందుకు నడుం నొప్పి.

ఆట 605
సినిమా: ఇటుకబట్టీ పిలుపు. రకం: దయ్యం. దమ్ము: రెండున్నర. సీట్లు: నూట ఎనభై.

ఈ మధ్య భూమి నుంచి ఫైటింగులు, దయ్యాలు తప్ప వేరేవి రావడం లేదు. వాటిలో ఫైటింగులకు అర్థం లేదు, దయ్యాలకు భయం లేదు. ఈ దయ్యం గంటన్నర పాటు బట్టీ చుట్టూ తిరిగి, చివరికి తన గొలుసు పోయిందని చెబుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. నా చిన్నతనంలో దయ్యం తెర మీదకు రాకముందే మనకు చెమటలు పట్టేవి. ఇప్పటి దయ్యం వచ్చి నా ఎదురుగా కూర్చుని జుట్టు దువ్వుకున్నా, నాకు దువ్వెన మీదికే చూపు పోతోంది.

మా జనం మాత్రం బాగా అరిచారట. ఎక్కడ అరిచారని అడిగితే, హీరోయిన్ కిటికీ తెరిచినప్పుడన్నారు. ఇక్కడ పుట్టినవాళ్లతో ఇదే చిక్కు. కిటికీ తెరిస్తే ప్రాణం పోతుందని ఉగ్గుపాలతో నేర్పాం. దయ్యం వస్తే చూస్తూ కూర్చుంటారు, ఎవరైనా కిటికీ గడియ మీద చెయ్యి వేస్తే గుడ్లు తేలేస్తారు. ఇది సినిమా గొప్పతనం కాదని బోర్డు మీద రాశాను.

ఆట అయ్యాక స్వరూప వచ్చింది. హాలు వెనక గోడకు ఆనుకుని పన్నెండు గాజు తొట్లు ఉంటాయి, ఒక్కొక్కటి మనిషి ఎత్తు. వాటిలో పెరిగే నాచే మాకు గాలి ఇస్తుంది. ఆ తొట్లను చూసేది స్వరూపే. భూమి నుంచి మొదటి బండిలో నాతో పాటు వచ్చిన మా లచ్చక్క కూతురు. లచ్చక్క ఈ నాచు విత్తును సీసాలో పోసి, దారి పొడవునా చలికి చచ్చిపోకుండా ఒంటికి ఆనించుకుని తెచ్చింది. లచ్చక్క పోయి ఆరేళ్లయింది. నాచు ఉంది, స్వరూప ఉంది.

ఆటలో, హాలు గాలి ఎంత చెడిందో చూపే సూది పసుపు గీత దాటిందని చెప్పింది. నా అంకె ప్రకారం ఆకుపచ్చలోనే ఉండాలి. తొట్లు ఒకసారి చూసుకోమన్నాను. చూశానంది. ఇంకోసారి చూడమన్నాను.

ఆట 606
సినిమా: ఇద్దరు డంపర్లు. రకం: ఫైటింగ్. దమ్ము: మూడున్నర. సీట్లు: నూట ఎనభై.

అన్నదమ్ములు చెరో డంపరు ఎక్కి ఒకరి మీదికి ఒకరు వస్తారు. తీసిన తీరు బాగుంది. టైర్ల కింద రాళ్లు నలిగే చప్పుడు మా క్వారీలో వినిపించేదే. కానీ గుద్దుకునే ముందు ఇద్దరూ బండ్లు ఆపి, ఆరు నిమిషాల పాటు అమ్మ గురించి మాట్లాడుకుంటారు. డంపరు నడిపేవాడెవడూ బ్రేకు మీద కాలు పెట్టి అంతసేపు మాట్లాడడు.

సూది పసుపు గీత దాటి ఎరుపు అంచుకు వచ్చింది. వెనక వరసలో ముగ్గురికి తలనొప్పి. ఓవర్‌మెన్ లింగమూర్తి వచ్చి తొట్లన్నీ తట్టి చూసి పోయాడు. గాలికీ మనుషులకూ జవాబుదారీ అయిన పెద్దను మేం ఇప్పటికీ ఓవర్‌మెన్ అనే పిలుస్తాం. తాతలు గోదావరిఖనిలో బొగ్గు తవ్వారు, మేం ఇక్కడ మంచురాయి తవ్వుతున్నాం. తవ్వకం మారింది కానీ పేర్లు మారలేదు.

లింగమూర్తి మంచివాడే. ముప్పై ఏళ్ల కింద గాలి చెడి అతని తమ్ముడు పోయాడు. అందుకే సూది కదిలితే అతను మనిషిగా ఉండడు.

ఆట 607
సినిమా: పదిహేడో అంతస్తులో ఎవరు. రకం: దయ్యం. దమ్ము: రెండు. సీట్లు: నూట ఎనభై.

ఆట ఆగిపోయింది. ఇంకో ఇరవై నిమిషాలుందనగా సూది ఎరుపులోకి పోయి సైరన్ మోగింది. తలుపులు తెరిచి అందరినీ బయటికి పంపారు. ఇద్దరు వాంతులు చేసుకున్నారు. ఒక పిల్ల తల్లి భుజం మీద మగతగా పడిపోయింది, డాక్టరమ్మ ముసుగు పెట్టి గాలి పడితే తేరుకుంది. నేను ఆ పిల్ల కళ్లు తెరిచేదాకా అక్కడే నిలబడ్డాను. 

లింగమూర్తి నా పుస్తకం తెప్పించుకుని చూశాడు. రెండు దమ్ముల సినిమా. హాలు నిండినా ఏమీ కాకూడదు. అంటే తొట్లే చెడ్డాయి. అక్కడికక్కడే స్వరూపను నిలదీశాడు. ఏడు నెలలుగా సూది కొద్దికొద్దిగా ఎక్కుతుంటే నువ్వేం చేస్తున్నావన్నాడు. ఆమె తొట్ల రంగు చూపింది, బుడగలు చూపింది, రాసిన లెక్కలు చూపింది. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగుంటే పిల్ల ఎందుకు పడిపోయిందన్నాడు. 

జనం వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కాకా, నువ్వు బోర్డు మీద భయం లేదని రాస్తవ్. గోడకు ఈ పక్క నిలబడితే నాకు లోపలి కేకలు ఇనవడ్తయి. భయం లేని సినిమాకు గట్ల ఎందుకు ఒర్లుతరు?"

కిటికీల సంగతి చెప్పాను. ఈ కాలం జనం గుండెలు మెత్తబడ్డాయన్నాను. పదకొండేళ్లలో నా లెక్క తప్పిందేమో చూపించమన్నాను. ఆమె తొట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె నన్ను తప్పు పట్టలేదు. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

ఆట 608
సినిమా: లేదు. హాలు మూసి ఉంది.

తీర్పు వచ్చింది. పన్నెండు తొట్లూ ఖాళీ చేసి, కడిగి, నాలుగో బాయి నుంచి కొత్త విత్తు తెచ్చి పోస్తారు. స్వరూపను నాలుగో బాయికి పంపుతారు. అక్కడి నుంచి ఇంకొకరు వస్తారు. ఇరవై రోజుల్లో బండి బయలుదేరుతుంది.

నాలుగో బాయిలో స్వరూపకు తొట్లు ఇవ్వరు. గాలి చెడగొట్టిందని పేరు పడ్డాక ఎవరిస్తారు? గొట్టాల జల్లెళ్లు కడిగే పనిలో పెడతారు. లచ్చక్క ఒంటి వెచ్చదనంతో బతికించిన నాచును మురుగు కాలువలో పోస్తారు. ఆమె పక్కనే నిలబడి అది చూడాలి.

ఇవాళ వెళ్లి తొట్ల గాజు తుడవడంలో సాయం చేశాను. ఎందుకు కాకా, ఎట్లాగూ పారబోసేవే గదా అంది. అయినా తుడిచాం. ఆమె ఒక్కో తొట్టికి ఒక్కో పేరు పెట్టుకుంది. నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఏడో తొట్టి పేరు లచ్చవ్వ.

నాకు చాలా బాధగా ఉంది. సినిమాల మీద కోపం కూడా వస్తోంది. భయం లేని దయ్యాల కోసం ఒక మనిషి ఇల్లు పోగొట్టుకుంటోంది.

ఆట 609
సినిమా: చెరువు కింది మెట్లు. రకం: దయ్యం. దమ్ము: ఏడున్నర. సీట్లు: తొంభై మాత్రమే.

ఎన్నాళ్లకెన్నాళ్లకు.

హాలు మళ్లీ తెరిచారు, కొత్త విత్తు వచ్చేదాకా జాగ్రత్తగా నడపమన్నారు. ఇక సినిమా సంగతి. నీళ్లు తగ్గిన చెరువులో మెట్లు బయటపడతాయి. రోజుకో మెట్టు. దయ్యం లేదు, అరుపు లేదు, రోజుకో మెట్టు. ఆరో మెట్టు దగ్గర నా గుండె చెవుల్లో వినిపించింది. తొమ్మిదో మెట్టు మీద తడి పాదం గుర్తు కనిపించగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, గాలిలోకి లేవకుండా ఆపుకున్నాను. చెమట పట్టింది.  దయ్యాల సినిమా తీయడం తెలిసినవాడు ఇంకా ఒక్కడైనా బతికి ఉన్నాడు. బోర్డు మీద రెండు వాక్యాలు సరిపోక వెనక్కి తిప్పి కూడా రాశాను.

ఒంట్లో కొంచెం దడగా ఉంది. సరుకుల బండి ఆలస్యమై డాక్టరమ్మ దగ్గర గోలీలు అయిపోయాయి. ఐదు రోజులుగా వేసుకోలేదు. రేపు వస్తాయట.

తొంభై మందితో ఆట నడిచింది. సూది ఆకుపచ్చ గీత దాటలేదు. లింగమూర్తి సంబరపడి, చూశారా, బండి ఎక్కిస్తామనగానే తొట్లు ఎట్లా బాగుపడ్డాయో అన్నాడు. స్వరూప విన్నది. ఆమె మొహం చూడలేకపోయాను.

ఆట 609, రెండోసారి
సినిమా: చెరువు కింది మెట్లు. దమ్ము: రెండున్నర.

మొదటి ఆటకు సీట్లు దొరకని తొంభై మందికి రెండో ఆట వేయాలి. రెండో ఆటకు ముందు తొలి చూపరి మళ్లీ చూడాలి. అది నియమం. చూశాను. తొమ్మిదో మెట్టు వచ్చింది, తడి పాదం వచ్చింది. నా గుండె దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉంది.

రెండోసారి చూస్తే తగ్గుతుంది, నిజమే. పాత పుస్తకాలు తీశాను. పదకొండేళ్లలో రెండోసారి చూసిన సినిమాలు నలభై ఆరు. ఏ ఒక్కదానికీ ఒక దమ్ము కంటే ఎక్కువ తగ్గలేదు. ఇది ఐదు తగ్గింది.

యంత్రం చెడిందేమో అని క్వారీ డ్రైవర్ యాకూబును పిలిచి, పట్టీ కట్టి, అదే మెట్ల దృశ్యం చూపించాను. అతని అంకె ఎనిమిది చూపింది. యంత్రం బాగానే ఉంది.

తర్వాత పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోయాను. ఆట 577 నుంచి, మొన్నటి ఏడున్నర తప్ప, నా అంకెలన్నీ మూడుకు అటూ ఇటూ. అంతకు ముందు దయ్యాలకు ఆరు, ఏడు, ఫైటింగులకు ఐదు. ఆట 577 పేజీలో అడుగున నా చేతి రాతే ఉంది: "కొత్త డాక్టరమ్మ బీపీకి గోలీలు ఇచ్చింది. ఇవాళ్టి నుంచి."

మెట్లు మొదటిసారి చూసినప్పుడు గోలీలు లేవు, రెండోసారికి వచ్చి మళ్లీ వేసుకుంటున్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఏడు నెలలుగా భూమి మీది వాళ్లందరికీ సినిమా తీయడం రాదని తిట్టాను. సినిమాల్లో భయం ఉంది. నా గుండెకే కళ్లెం వేసి ఉంది.

అదే రోజు, తర్వాత

డాక్టర్ నజీమా దగ్గరికి వెళ్లాను. ఎనిమిది నెలల కింద రెండో బాయి నుంచి వచ్చింది. అక్కడ సినిమా హాలు లేదు. ఈ గోలీ ఏం చేస్తుందమ్మా అని అడిగాను. గుండెను ఉరకనివ్వదు, ఎంత భయపడినా నింపాదిగా కొట్టుకునేటట్టు చేస్తుందని, గుండె ఉరకకపోతే ఊపిరీ ఎగపోయదని చెప్పింది. నా పని ఏమిటో తెలుసా అని అడిగాను.

"మీరే చెప్పారు గదా, సినిమాలు చూస్తనని. రిటైరైన మనిషి, పొద్దుపోక చూస్తున్నరేమో అనుకున్న."

తప్పు ఆమెది కాదు. నా పని లోకంలో అందరికీ తెలిసినంత గొప్పదని అనుకున్నది నేను. నేను వివరంగా చెప్పాక ఆమె కుర్చీలో కూలబడింది. గోలీలు మానేస్తానన్నాను. ఒక్కసారిగా మానితే ప్రాణానికే మోసమని, ఆ ఐదు రోజులు ఏమీ కాకుండా గట్టెక్కడం నా అదృష్టమని గట్టిగా చెప్పింది. ఇక జన్మంతా వేసుకోవాల్సిందే.

అంటే నేను ఇక తొలి చూపరిని కాను.

బండి బయలుదేరడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఆట లేదు

నిన్న రోజంతా నోరు మూసుకున్నాను. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ పుస్తకంలో ఇప్పటికే కావలసినన్ని తప్పుడు అంకెలున్నాయి.

రకరకాలుగా ఆలోచించాను. ఎవరికీ చెప్పకుండా అన్ని సినిమాలకూ నాలుగు దమ్ములు కలిపి రాస్తే సరిపోతుంది. సూది దిగుతుంది, పిల్లలు పడిపోరు, నా కుర్చీ నాకుంటుంది. కానీ సూది దిగితే ఆ పేరు కొత్త విత్తుకు పోతుంది, చెడ్డ పేరు స్వరూపతో పాటు నాలుగో బాయికి పోతుంది. ఖాళీ హాల్లో ఒక్కణ్నే కూర్చుని సినిమా చూడటం నాకు ఎంత ఇష్టమో ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. దీపాలు ఆరినప్పుడు ఆ తెర మొత్తం నాదే. దాన్ని వదులుకోవడానికి నాకు ఒక రోజు పట్టింది. సిగ్గుగా ఉంది.

ఇవాళ పొద్దున తొట్ల దగ్గరికి వెళ్లి ముందు స్వరూపకే చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఏడో తొట్టి మూత సర్దింది. తర్వాత, నీకు పాణం బాగలేదని మాకెందుకు చెప్పలేదు కాకా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె గుడ్డ ఇచ్చింది, అది నాచు వాసన కొట్టింది.

సభ

అందరూ హాల్లోనే కూర్చున్నారు. నేను తెర ముందు నిలబడ్డాను. పదకొండేళ్లలో ఈ హాల్లో ఇంత మంది మొహాలు ఎప్పుడూ చూడలేదు.

"తప్పు నాచుది కాదు. స్వరూపది అస్సలే కాదు. ఏడు నెలల సంది నేను గోలీలు మింగుతున్న. నా గుండె ఉరుకుతలేదు. నేను రాసిచ్చిన అంకెలు నమ్మి మీరు హాలు నింపిండ్రు. ఆ పిల్ల పడిపోయింది నా మూలంగనే."

పుస్తకం లింగమూర్తి చేతిలో పెట్టాను. పక్కన డాక్టరమ్మ నిలబడి గోలీ సంగతి చెప్పింది. యాకూబు తన ఎనిమిది దమ్ముల సంగతి చెప్పాడు. లింగమూర్తి ఒక్కో పేజీ తిప్పుతూ చదివాడు.  చదివాక లేచి స్వరూప దగ్గరికి వెళ్లి, బండి కాగితం ఆమె ముందే చించాడు. "తప్పైంది చెల్లె" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. ఓవర్‌మెన్ నోట ఆ మాట మేం అంతకు ముందు వినలేదు.

ఆ తర్వాత నా వైపు తిరిగాడు. ఇక ఫైటింగులూ వద్దు, దయ్యాలూ వద్దు, గుండె కదలని సినిమాలే వేద్దామన్నాడు. భయపడి మాట్లాడుతున్నాడని అర్థమైంది. చాలామంది తల ఊపారు కూడా. ఆ రోజు పడిపోయిన పిల్ల తల్లి తల వంచుకుంది.  నా నోటికి ఇక ఏం విలువ?

అప్పుడు స్వరూప లేచింది.

"బాయిల మందు పేల్చినంక ఏం జేస్తం? అందరం బయటికొచ్చి పొగ పోయేదాంక ఆగుతం, మళ్ల లోపలికి పోతం. అంతేగని పేల్చుడు బంద్ చేస్తమా? సినిమాకు గూడ గట్లనే ఆగుదాం. సగంల ఆపి తలుపులు తీయుండ్రి. పావుగంట ఇస్తే నా తొట్లు గాలిని మళ్ల మంచిగ చేస్తయి. చేయకపోతే నేనే బండి ఎక్కుత."

హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదు. భూమి మీద ఇప్పుడు ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి కళ్లద్దాల్లో వాళ్లు చూసుకుంటారు. సినిమాలు ఏకబిగిన వస్తాయి, మేమూ ఏకబిగినే వేశాం. నేను పదేళ్లవాడినప్పుడు గోదావరిఖనిలో, మా హాలు మూతపడక ముందు, సినిమా సగంలో దీపాలు వెలిగేవి. దాన్ని ఇంటర్వెల్ అనేవాళ్లు. ఆ మాట నేను పైకే అన్నానట. ముందు వరసలో ఒక ముసలాయన, అవునవును, ఇంటర్వెల్, అని నవ్వాడు.

ఒక్క ఆట ప్రయత్నించి చూద్దామని లింగమూర్తి ఒప్పుకున్నాడు. సూది ఎరుపు తాకితే మాత్రం ఇక ఎప్పటికీ లేదు. సినిమాను ఎక్కడ ఆపాలో ఎవరు చెబుతారని అడిగాడు. స్వరూప నా వైపు చూసింది.

ఆట 610
సినిమా: ఊయల గది. రకం: దయ్యం.

మణికట్టు పట్టీని డబ్బాలో పెట్టి అప్పగించాను. చెయ్యి తేలిగ్గా ఉంది, అలవాటు కాలేదు.

నాలుగు రోజులు ఈ సినిమాను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. మూసి ఉన్న గదిలో ఖాళీ ఊయల ఊగుతుంటుంది. అరవై నాలుగో నిమిషంలో తల్లి ఆ గది తలుపు తీయడానికి చెయ్యి చాపుతుంది. ఆపితే అక్కడే ఆపాలి. అది తప్ప ఇంకోచోట ఆపితే మహాపాపం. స్వరూప లెక్క ప్రకారం హాలు నిండితే గాలి యాభై ఐదో నిమిషం దాకానే. తొట్ల పక్కన నిలబడి పెద్ద గొడవే పడ్డాం. యాభై ఐదో నిమిషంలో తల్లి కూరగాయలు తరుగుతోంది బిడ్డా, బెండకాయల దగ్గర ఎవడైనా ఆపుతాడా అన్నాను. బెండకాయలకు ఊపిరి ఆగదు, మనుషులకు ఆగుతది అంది. చివరికి ఆమె రెండు తొట్లకు దీపాలు పెంచింది, నేను మొదట్లో వచ్చే ఊరి పాట ఐదు నిమిషాలు కోశాను. మిగతా నాలుగు నిమిషాలు సూది పసుపులో ఉంటే సర్దుకుంటానంది.

హాలు నిండింది. నూట ఎనభై మంది. నేను స్వరూప పక్కన సూది దగ్గరే నిలబడ్డాను. గోడ అవతలి నుంచి మొదటి కేక వినపడింది. తర్వాత ఇంకోటి. ఏడు నెలలుగా ఆమె విన్నది ఇదే అని అప్పుడు తెలిసింది. సూది లేచింది. ఆకుపచ్చ దాటింది, పసుపులోకి వచ్చింది. లింగమూర్తి మా వెనక నిలబడి ఎంతకీ కదలలేదు. ఎరుపుకు రెండు గీతల దూరంలో ఉండగా తల్లి తలుపు మీద చెయ్యి వేసింది. దీపాలు వెలిగాయి.

 నూట ఎనభై మంది ఒక్కసారి తిట్టారు. నన్నే. నా జన్మలో అంత మంచి పొగడ్త వినలేదు.

తలుపులు తీశారు. జనం నడవలోకి వచ్చిపడ్డారు. ఎవరూ ఇళ్లకు పోలేదు. ఊయలలో ఉన్నది బిడ్డా, బామ్మా అని యాకూబు పోస్టు మాస్టరు గారితో వాదించాడు. తండ్రికి అంతా తెలుసని ఒకామె, తెలియదని ఇంకొకామె. ఆ గదికి కిటికీ ఉందేమోనని ఒక పిల్ల భయం. పదకొండేళ్లుగా ఈ బాయిలో సినిమా మీద అభిప్రాయం ఉన్నది నాకొక్కడికే అనుకున్నాను. వీళ్లందరికీ ఉంది. నిలబడి మాట్లాడుకునే పావుగంట లేక, ఇన్నాళ్లూ ఇళ్లకు మోసుకుపోయారు.

సూది దిగడం మొదలైంది. మొదటి ఐదు నిమిషాలు కదిలీ కదలనట్టు ఉంది. స్వరూప తొట్ల మీద చేతులు ఆనించి నిలబడింది. ఎనిమిదో నిమిషంలో పసుపు మధ్యకు వచ్చింది. పన్నెండో నిమిషంలో ఆకుపచ్చ తాకింది. లింగమూర్తి సూది గాజును వేలితో కొట్టి చూశాడు, అది అక్కడే ఉంది. ఏమీ మాట్లాడకుండా వెళ్లి తనే గంట మోగించాడు. జనం తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. లింగమూర్తి కూడా వెళ్లి, సీటు లేక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను కదల్లేదు. నువ్వు పోవా అని స్వరూప అడిగింది. నాలుగు రోజుల్లో ఆ సినిమాను ఆరుసార్లు చూశాను, ఎవరు ఎక్కడ చస్తారో కూడా తెలుసు, ఇక చూసేదేముందన్నాను.

"కథ తెలిసినోడివి ఈడేం జేస్తవ్ కాకా. పోయి తెల్వనోళ్ల పక్కన కూసో."

వెళ్లాను. నాలుగో వరసలో, ఆ రోజు పడిపోయిన పిల్ల తల్లి పక్కన సీటు ఖాళీగా ఉంది. పిల్ల తన సీటు వదిలి ఆమె ఒడిలో ఉంది. నన్ను చూసి ఆమె కాళ్లు పక్కకు జరిపింది. దీపాలు ఆరాయి. తల్లి తలుపు తీసింది. గదిలో ఏముందో నాకు తెలుసు. ఊయల వెనక్కి ఊగింది, ముందుకు వచ్చింది. పక్కనున్న ఆమెకు తెలియదు. పిల్లకు తెలియదు. ముందు వరస వాళ్లందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టిన చప్పుడు వినపడింది. పిల్ల చీకట్లో వెతుక్కుని నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. నా గుండె ఎప్పటిలాగే నింపాదిగా కొట్టుకుంటోంది. అయినా ఊయలలో నుంచి ఆ చెయ్యి లేచినప్పుడు, హాలుతో పాటు నేనూ అరిచాను.

దమ్ము: తెలియదు. అభిప్రాయం: నాకు భయం వేసింది.